అంతయు మనలోనే కలదా?

గడచిన ఉగాది గోష్ఠిలో మా సంఘ భవనమున ఒక చిన్న సంఘటన జరిగినది. దానిని చెప్పక ఈ వ్యాసమును ప్రారంభించుట న్యాయము కాదు. ఏలయన అందు తప్పు చేసినవారిలో మేమును ఉన్నాము.

ఇరువది నాలుగేండ్ల అమ్మాయి ఒకతె, మన కుటుంబముల బిడ్డయే, వ్యాసము చదువుటకు లేచినది. ఆమె పూర్వులు ఈ ప్రాంతమునకు వచ్చి ఎన్ని తరములైనదో ఆ ఇంటిలో ఎవరును సరిగా చెప్పలేరు. ఇంట తెలుగే మాటలాడును గాని బడిలో తెలుగు నేర్చుకొను అవకాశము ఆమెకు లేకపోయెను. కనుక తన తెలుగు వ్యాసమును కన్నడ లిపిలో వ్రాసికొని వచ్చినది. విషయము యూదుల కబ్బాలా విద్య. అందును, మానవుడు అహంకారమును జయించుట యెట్లన్న ప్రశ్న. పదునారు పుటల వ్యాసము. మూడవ పుట ముగియగనే సభలోనుండి ఒక పెద్దమనిషి లేచి, "ఇందులో క్రొత్త యేమున్నదమ్మా? ఇదంతయు మన ఉపనిషత్తులలో ఉన్నదే" యనిరి. ఆయన కూర్చుండకమునుపే మరియొకరు లేచి, ఉపనిషత్తులకంటె శైవాగమములకే ఇది దగ్గర యనిరి. మొదటివారు ఒప్పుకొనలేదు. మూడవవారము మేము. వేమనను మరచితిరేమని ఆ ఇరువురను మందలించితిమి. ఈ మువ్వురి వాదము భోజనముల పిలుపు వచ్చువరకు సాగినది. అమ్మాయి కాగితములను మడచి సంచిలో పెట్టుకొని వడ్డనకు సాయము చేయబోయినది. అహంకారమును గూర్చిన వ్యాసమును ముగ్గురు పెద్దల అహంకారము మ్రింగివేసినదని ఆ పూట మాలో ఒక్కరికిని తోచలేదు.

మరునాడు ఆ వ్యాసపు ప్రతి కార్యదర్శిగారి బల్లపై మాకు కనబడినది. కన్నడ లిపిని కూడబలుకుకొనుచు మిగిలిన పదుమూడు పుటలను చదివితిమి. చదివిన కొలది సిగ్గు కలిగినది. తరువాత కొన్ని నెలలు ఆ విద్యను గూర్చి దొరికిన గ్రంథములను తిరుగవేసితిమి. ఈ వ్యాసము కబ్బాలాకు ప్రచారము కాదు. మన బిడ్డలు దానిని చేపట్టవలెనని మేము చెప్పబోవుట లేదు. మా పోరాటము ఒక్క వాక్యముతోనే. ఆ వాక్యము "అంతయు మనలోనే కలదు" అనునది.

మొదట ఆమె చెప్పదలచినది ఏమో చూతము. కబ్బాలా అను హీబ్రూ పదమునకు 'స్వీకరించుట' అని అర్థము. గురుముఖమున పొందిన విద్య గనుక ఆ పేరు వచ్చినది. క్రీ. శ. 12, 13 శతాబ్దులలో దక్షిణ ఫ్రాన్సులోను స్పెయినులోను ఇది గ్రంథరూపము తాల్చెను. దీనికి మూలస్తంభమైన జొహర్ అను గ్రంథము 13వ శతాబ్ది చివర కాస్తీలు రాజ్యమున వెలువడినది. అది 2వ శతాబ్దికి చెందిన షిమోన్ బార్ యొహాయి అను మహనీయుని బోధ యని సంప్రదాయజ్ఞులు నమ్ముదురు. 1305లో మరణించిన మోషే ద లెయోన్ రచన యని గెర్షోమ్ షోలెం పండితుడు వాదించెను. ఒక్కని రచన కాదు, ఒక బృందపు కృషి యని తరువాతివారు కొందరు అనిరి. కర్తృత్వ వివాదములయందు మనవారికి గల మక్కువ మాకు తెలియును గనుక దీనిని ఇంతటితో విడిచెదము.

అమ్మాయి వ్యాసము ముఖ్యముగా యెహూదా అష్లాగ్ అను గురువును గూర్చినది. ఆయన 1885లో జన్మించి, 1921లో జెరూసలేము చేరి, 1954లో కీర్తిశేషుడయ్యెను. జొహర్ గ్రంథమునకు ఆయన హీబ్రూలో వ్రాసిన వ్యాఖ్యకు 'సుల్లాము' అని పేరు, అనగా నిచ్చెన. ధనము లేక, అచ్చు అక్షరములను కొంతవరకు తన చేతులతోనే కూర్చెనని ఆయన శిష్యులు చెప్పుకొందురు. ఆయన బోధలోని ముఖ్యాంశము చెప్పుటకు చిన్నది, ఆచరించుటకు పెద్దది. సృష్టికర్త స్వభావము ఇచ్చుట. సృష్టింపబడినదాని స్వభావము పుచ్చుకొన గోరుట. ఈ కోరిక పాపము కాదు, భ్రమ కాదు. సృష్టి యంతయు ఈ కోరికయనెడి మట్టితోనే చేయబడినది. తనకొరకే పుచ్చుకొనుట దోషము. భౌతికలోకమున దూరమును అడుగులతో కొలతుము. ఆత్మలోకమున దూరమనగా గుణములలోని వ్యత్యాసము. ఇచ్చువానికిని, తనకొరకే పుచ్చుకొనువానికిని మధ్య ఎంత దూరమో జీవునికిని దేవునికిని మధ్య అంత దూరము. మరి పుచ్చుకొనుటకే పుట్టినవాడు ఇచ్చువానివలె ఎట్లగును?

దీనికి అష్లాగ్ ఒక ఉపమానము చెప్పెను. ఆకలిగొన్నవాడొకడు మిత్రుని ఇంటికి పోయెను. గృహస్థు అతనికి ఇష్టమైన పదార్థములన్నియు బల్లపై అమర్చి తినుమనెను. అతిథికి సిగ్గు కలిగినది. ఊరక పుచ్చుకొనుట అతనికి మనస్కరించలేదు. సిగ్గుతో తిను రొట్టె అని యూదుల వాఙ్మయమున దీనికొక మాటయే కలదు. అతిథి వలదనెను. గృహస్థు బ్రతిమాలెను. మరల వలదనెను, గృహస్థు మరింత బ్రతిమాలెను. కడకు, తాను తినినగాని ఈ మిత్రునికి సంతోషము లేదని అతిథికి నిశ్చయమయ్యెను. అప్పుడు తినెను. ఆకలి అదే, అన్నమును అదే. కాని ఇప్పుడు అతడు పుచ్చుకొనుట లేదు, ఇచ్చుచున్నాడు. గృహస్థునకు సంతోషమును ఇచ్చుచున్నాడు. ఆకలిని చంపుకొనిన యెడల ఈ కథ లేదు. ఆకలి యెంత పెద్దదో ఇచ్చుటకు పాత్ర అంత పెద్దది. మొదట వలదన్న ఆ తిరస్కారమునకు 'తెర' యని పేరు పెట్టిరి. కోరికకును అనుభవమునకును మధ్య తెర దించనిదే పుచ్చుకొనుట దానముగా మారదు. కొసరి కొసరి వడ్డించు అమ్మమ్మల చేతి అన్నము తినిన మన కుటుంబములవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇంతవరకు వినియుండినచో మా మువ్వురిలో ఒకరైనను ఊరకుండెడివారేమో. కాని మేము వినలేదు.

ఇప్పుడు ఆ వాక్యము సంగతి. గీత నిష్కామకర్మమును బోధింపలేదా యని అడుగుదురు. బోధించినది. అద్వైతము అహంకారమును అధ్యాస యనలేదా యని అడుగుదురు. అనినది. పోలికలు లేవని మేము అనుట లేదు. 18వ శతాబ్దపు హసీదు గురువులు హీబ్రూ భాషలోని ఒక చమత్కారమును చూపుచుండెడివారు: 'నేను' అను అర్థము గల 'అని' అను పదమును, 'శూన్యము' అను అర్థము గల 'అయిన్' అను పదమును వ్రాయుటకు కావలసినవి అవే మూడు అక్షరములు, క్రమము మాత్రము వేరు. ఇది వినగనే మన వేదాంతులు తల ఊపుదురు. ఊపవచ్చును. కాని అష్లాగ్ చెప్పినది వేరు. ఆయన దృష్టిలో కోరిక జ్ఞానోదయమున కరగిపోవు భ్రాంతి కాదు. అది నిలుచును, దాని ముఖము మాత్రము మరలును. సృష్టి సృష్టికర్తలో లీనమై ఒక్కటియగుట కాదు, అతనిని పోలి అతనికి అంటుకొనియుండుట గమ్యము. రెండింటిలో ఏది ఉన్నతమో మేము తీర్పు చెప్పము. రెండును ఒకటి కావని మాత్రము చెప్పుదుము. ఒకటి కానివానిని ఒకటియనుట ఉదారతవలె కనబడును. నిజమునకు అది వినుటకు ఇష్టము లేకపోవుట.

మరియొక మాట కూడ అడుగవలసియున్నది. అంతయు మనలోనే ఉన్నచో, అది మనలోనికి వచ్చినదా? నిష్కామకర్మమును కంఠస్థము చేసినవారే సంఘపు శిలాఫలకముపై తమ పేరు రెండవ వరుసకు దిగినదని మూడేండ్లు సంఘ గడప త్రొక్కకుండుటను మేము చూచితిమి. అల్మారాలో మందు ఉన్నదన్న ధైర్యముతో రోగమును పెంచుకొనువాడు, ప్రక్క ఇంటివాడు మందు త్రాగుచుండగా చూచి "ఆ సీసా మా ఇంటను కలదు" అనిన యెడల అతనిని ఏమందుము? పెరటి చెట్టు మందునకు రాదని మనకొక సామెత కలదు. పొరుగు పెరటిలో చెట్టు కనబడగనే అది మన విత్తే యనుట ఆ సామెతకు తోబుట్టువు.

ఈ అలవాటు మనలో ఎందుకు పెరిగినదో మేము ఎరుగకపోలేదు. వేరొక భాష రాజ్యమేలుచోట కన్నడిగుల, తమిళుల, ఒడియావారి, మరాఠీల నడుమ తరతరములుగా బ్రతుకుచున్నాము. బిడ్డల బడి వేరు, పత్రిక వేరు, వీథిలోని పలకల వ్రాత వేరు. మనదనునది చేతివ్రేళ్ల సందులనుండి జారిపోవుచున్నదన్న భయము రాత్రులందు ప్రతి ఇంటిపెద్దకును కలుగును. జారిపోవుదానిని పట్టుకొనలేనివాడు లోకమునందలి అన్నిటిపైన తన పేరు వ్రాసికొన జూచును. ఇది జాలిగొనదగిన అహంకారమే, అయినను అహంకారమే. దాని ఫలము చూడుడు: లిపి రాకున్నను పట్టుదలతో తెలుగున పదునారు పుటలు వ్రాసి తెచ్చిన బిడ్డను మూడవ పుటయొద్ద ఆపివేసినది ఆ భయమే. తెలుగు జారిపోవుచున్నదని విలపించువారమే తెలుగు మాటను మధ్యలో త్రుంచితిమి.

విద్యార్జనకును అహంకారమునకును గల పోరు ఎట్లుండునో సఫెదు పట్టణపు చరిత్రలో కనబడును. 1492లో స్పెయిను రాజదంపతులు యూదులను దేశమునుండి వెడలగొట్టిరి. అనేకులు ఉస్మానీ సుల్తానుల రాజ్యమునకు చేరిరి. గలిలయ కొండలపైనున్న సఫెదు అట్టివారితో నిండెను. ఉన్నిబట్టల నేత ఆ ఊరి ముఖ్య వృత్తి. షోలాపురమునందలి మన నేతకుటుంబములవారు ఆ వీథులలోని మగ్గముల సవ్వడిని ఊహించుకొనగలరు. ధర్మశాస్త్రమును క్రోడీకరించిన యోసెఫు కారో అచ్చటనే ఉండెను. కబ్బాలా గురువు మోషే కొర్దొవెరో అచ్చటనే ఉండి 1570లో మరణించెను. ఆ సంవత్సరముననే ఈజిప్టునుండి ఐజాక్ లూరియా వచ్చెను. 1572లో అంటురోగమున మరణించెను. ముప్పదియెనిమిదేండ్ల ఆయుర్దాయము, సఫెదులో రెండేండ్ల పైచిలుకు బోధ. ఆ కొద్దికాలపు బోధయే తరువాతి కబ్బాలా నంతటిని మార్చివేసినది.

లూరియా చెప్పిన సృష్టికథలో మొదటి కార్యము విస్తరించుట కాదు, సంకోచించుట. అనంతుడు సర్వత్ర నిండియున్నచో రెండవదానికి చోటెక్కడ? కనుక ఆయన తన వెలుగును వెనుకకు తీసికొని చోటిచ్చెను. దీనిని 'త్సింత్సుమ్' అందురు. పిదప వెలుగును పట్టలేక పాత్రలు పగిలినవి. ఆ పెంకులలో చిక్కిన వెలుగు రవ్వలను ఏరి మరమ్మతు చేయుట మానవుని పని. పాత్రలు ఏల పగిలినవన్న ప్రశ్నకు, అవి తమకొరకే పుచ్చుకొన జూచినవి గనుక అని అష్లాగ్ సమాధానము. ఈ కథను తత్త్వముగా చర్చించువారు చర్చింతురుగాక. మాకు మాత్రము ఆ మొదటి అడుగే మనస్సున నాటుకొన్నది: దేవుడే ఇంకొకరికి చోటిచ్చుటకు వెనుకకు తగ్గెను. మా సభలో మైకు చేతికి చిక్కినవాడు తగ్గడు.

అయితే సఫెదువారు కథలతో తృప్తి పొందలేదు. కొర్దొవెరో తన శిష్యులకు వ్రాసిన నియమములలో ఒకటి కలదు: ప్రతివాడును ఒక సహచరుని ఎన్నుకొని, విశ్రాంతి దినమునకు ముందటి సాయంకాలమున అతని యెదుట గడచిన వారములో తాను ఏనాడేమి చేసెనో చెప్పుకొనవలెను. పుస్తకము యెదుట కాదు, దేవుని యెదుట మాత్రమే కాదు, తోటివాని యెదుట. ఆయన వ్రాసిన 'దెబోరా ఖర్జూరవృక్షము' అను చిన్న గ్రంథము దైవగుణములను ధ్యానించుటతో ఆగదు. తనను అవమానించినవాని యెడల మానవుడు ఆ గుణములను ఎట్లు చూపవలెనో చెప్పును. లూరియా నిత్యవిధి ఇంకను స్పష్టము. ఉదయ ప్రార్థన ప్రారంభింపకమునుపే, తోటివానిని తనవలె ప్రేమింపవలెనన్న ఆజ్ఞను తనపై వేసికొనవలెనని శిష్యులకు నియమించెను. ప్రార్థనకు అది ద్వారము. ఈ ద్వారమున రానివాని ప్రార్థన ఒంటరి కేక.

ఇచ్చట మేము రెండవ పక్షమువారిని ఎదుర్కొనవలసియున్నది. మొదటి పక్షమువారు పెద్దలు. వీరు పిన్నలు, నడివయస్కులు. వీరు "మనదే" యనరు. పరాయిది గనుకనే వీరికి రుచి. కబ్బాలా పేరిట నేడు ఎర్రదారములు అమ్ముదురు, దిష్టి తగులదట. మంత్రించిన నీళ్లు సీసాలలో అమ్ముదురు. ఇంటివద్దనే యంత్రమునెదుట కూర్చుండి రుసుము చెల్లించి పాఠములు వినిన యెడల ఉద్యోగమున వృద్ధి, మనస్సునకు శాంతి, కోరినవారితో వివాహము కలుగునని చెప్పువారును కలరు. తనకొరకే పుచ్చుకొనుట అను రోగమునకు చెప్పిన మందును, తనకొరకే మరింత పుచ్చుకొనుటకు వాడుట! కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదబోవువానిపై జాలి కలుగును గాని, ఆ తోకను రుసుమునకు అద్దెకిచ్చువానిపై కలుగదు.

వీరిలో చదువరులు కొందరు అష్లాగ్ వాక్కునే ప్రమాణము చూపుదురు. అర్థము కాకున్నను ఈ గ్రంథములను చదువువానిని ఒక వెలుగు చుట్టుముట్టి శుద్ధి చేయునని ఆయన చెప్పిన మాట నిజమే. కాని ఆ వాక్యములోని షరతును వీరు దాటవేయుదురు. చదువుచున్నదానిని తాను పొందవలెనన్న తీవ్రమైన ఆకాంక్ష యుండవలెనని ఆయన చెప్పెను. ఆ పొందవలసినది ఇచ్చు గుణమే గాని ఉద్యోగము కాదు. స్వార్థముతో ప్రారంభించినను చదువు మానవలదు, క్రమముగా అది నిస్స్వార్థమునకు దారితీయునని తల్ముదు శాస్త్రము ఓదార్చిన మాటయు నిజము. అయితే అది దారిని గూర్చిన మాట. దారిలోనే ఇల్లు కట్టుకొనుమని తల్ముదు చెప్పలేదు.

చదువు మాత్రమే అహంకారమును చంపునన్న వాదమునకు కబ్బాలా చరిత్రయే ప్రబల విరోధి. లూరియా శిష్యులలో అగ్రగణ్యుడు హయ్యీమ్ వితల్. గురువు స్వయముగా వ్రాసినది అత్యల్పము. మనకు దక్కినదానిలో అధికభాగము వితల్ వ్రాసియుంచినదే. ఆతని ఋణము ఎవరును తీర్చలేరు. అట్టివాడు తన స్వప్నములను, దర్శనములను ఒక దినచర్య గ్రంథముగా వ్రాసికొనెను. తన ఆత్మ యెంత ఉన్నతమైనదో ఇతరులు చెప్పిన సాక్ష్యములు ఆ గ్రంథమున పదే పదే కనబడును. 1575లో సహాధ్యాయులు పండ్రెండుమంది, లూరియా విద్యను ఆతని యొద్ద మాత్రమే నేర్తుమనియు, ఆతని అనుమతి లేక ఇతరులకు వెల్లడింపమనియు ఒక పత్రముపై సంతకము చేసిరి. వ్రాతప్రతులను ఆతడు ఎంత భద్రపరచినను, జబ్బుపడియుండగా ఆతని సోదరుడు లంచము పుచ్చుకొని వానిని బయటివారి చేత నకలు చేయించెనని కథ కలదు. లోకమునకు మేలే జరిగినది. సంకోచమును బోధించు విద్యను బిగించి పట్టుకొనిన ఆ చేతిని చూచి మేము నవ్వలేము. మా చేయి అంతకంటె వదులుగా లేదు.

వితల్‌ది చిన్న దోషము. షబ్బతాయి జ్వీ కథ విపత్తు. 1626లో స్మిర్నాలో పుట్టిన ఈతడు కబ్బాలా చదివినవాడే. 1665లో గాజా నగరపు నాథాను అను యువపండితుడు ఈతనినే రానున్న రక్షకునిగా ప్రకటించెను. వార్త యూదులున్న దేశములన్నిటను నిప్పువలె ప్రాకినది. వ్యాపారములు మానినవారు, ఆస్తులు అమ్ముకొనినవారు, ప్రయాణమునకు మూటలు కట్టుకొనినవారు అసంఖ్యాకులు. 1666లో సుల్తాను ప్రభుత్వము ఈతనిని బంధించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో మరణమా మతాంతరమా యన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈతడు తలపాగా చుట్టుకొని ఇస్లామును స్వీకరించెను. ప్రాణభీతికి లోబడుట మానవసహజము. దానికి మేము నిందింపము. భయంకరమైనది తరువాత జరిగినది. పెంకులలో చిక్కిన వెలుగును విడిపించుటకే రక్షకుడు చీకటిలోనికి దిగెనని నాథాను సమర్థించెను. లూరియా మాటలతోనే, లూరియా తర్కముతోనే. 'నేను' అనునది ఎంత లోతైన విద్యనైనను తనకు వకీలుగా పెట్టుకొనగలదు.

ఆ గాయము నూరేండ్లు మానలేదు. పోలెండులో యాకోబు ఫ్రాంకు అనువాడు అదే దారిని మరింత దిగజార్చినప్పుడు, 1756లో బ్రోడీ పట్టణమున సమావేశమైన పెద్దలు ముప్పదేండ్లు నిండనివాడు జొహర్‌ను, నలుబదేండ్లు నిండనివాడు లూరియా గ్రంథములను చదువరాదని కట్టడి చేసిరి. కబ్బాలా చదువుటకు నలుబదేండ్లు నిండవలెనని లోకమున ప్రచారములోనున్న మాట వెనుక ఇట్టి అనుభవము కలదు. అది విద్యను దాచుకొనుటకు మాత్రమే పుట్టిన కట్టడి కాదు. కాలిన చేతులవారు పెట్టిన కట్టడి. అష్లాగ్ ఆ తలుపును మరల తెరువ జూచెను. తెరచుటతోపాటు, తోటివారి ప్రేమలో నిలుచు చిన్న బృందము లేనిదే ఈ విద్య ఫలింపదని ఆయనయు ఆయన కుమారుడు బారూఖ్ షాలోమును నొక్కి చెప్పిరి. అయినను ఆయన అనంతరము శిష్యులు ఒక్కటిగా నిలువక పలు శాఖలైరి. మా సంఘమునుండి చీలి పోటీ సంఘము పెట్టిన మిత్రులు దీనిని చదివి ఊరట చెందుదురేమో, మేమును చెందితిమి.

ఆ ఇంటిని మేము నిర్దోషమని పొగడుట లేదు. కబ్బాలా గ్రంథములు కొన్నింట ఇశ్రాయేలీయుల ఆత్మకును ఇతర జాతుల ఆత్మకును పుట్టుకలోనే తారతమ్యము చెప్పబడినది. వ్యక్తి తన అహంకారమును విడిచి, దానిని జాతి పేరిట మరల దాచుకొనిన గుర్తు అది. హింసల నడుమ బ్రతికిన ప్రజకు అట్టి మాట ఎందుకు ఓదార్పైనదో ఊహింపవచ్చును గాని ఒప్పుకొనరాదు. అష్లాగ్ ఈ మార్గము కడకు సర్వజాతులకును చెందవలసినదేయని వ్రాసెను. అయినను పాతమాట పుటలలో ఉన్నది. ఈ దోషమును చూపి "చూచితిరా, మనకు ఇది లేదు" అని ఎవరైనను అనబోయినచో, వారు తమ ఇంటి వెనుక వాకిలి ఒకసారి తెరచి చూచుకొనవలెను. పుట్టుకతో తారతమ్యము చెప్పుటలో మనకు గురువులు అక్కరలేదు.

మరి మన బిడ్డ ఈ విద్యను ఎట్లు చదువవలెను? ఆమె వ్యాసము తొమ్మిదవ పుటలో దీనికి సమాధానము ఉన్నది. మేము వినకపోయిన పుటలలో ఒకటి. అష్లాగ్ ఉపమానములోని అతిథివలె చదువవలెనని ఆమె వ్రాసినది. ఇది మన ఇల్లు కాదు. బల్ల మనది కాదు, వంట మనది కాదు. వండినవారు దానికి వెచ్చించిన వేయి సంవత్సరముల కన్నీరు మనది కాదు. ధర్మశాస్త్రముతో, పండుగలతో, హీబ్రూ ప్రార్థనతో ముడిపడిన విద్యను వానినుండి ఊడదీసి తాయెత్తుగా మెడలో వేసికొనుట దొంగతనము. గృహస్థు పెట్టిన కూరను రుచి చూడకయే "ఇది మా ఇంటను వండుదురు" అనుట మర్యాద తెలియనితనము. వలదని లేచిపోవుటయు మర్యాద కాదు. తినవలెను; ఇది మీదని చెప్పి తినవలెను. ఇరువది నాలుగేండ్ల పిల్లకు తట్టిన ఈ మాట ఏబదేండ్లు సభలలో అధ్యక్షత వహించిన మాకు తట్టలేదు.

దక్షిణదేశమున ఇట్టి అతిథిమర్యాద ఎరిగినవారు లేకపోలేదు. కొచ్చిన్ మట్టంచేరిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనామందిరము నేటికిని నిలిచియున్నది. ఆ యూదుల వీథికి సమీపమున నెహెమియా మోతా అను కబ్బాలా వేత్త సమాధి కలదు. 1615లో మరణించినవాడని చెప్పుదురు. ఆ సమాధియొద్ద యూదులే గాక హిందువులు, క్రైస్తవులు, ముసల్మానులు కూడ వత్తులు వెలిగించి మ్రొక్కుకొనుచు వచ్చిరి. వారిలో ఎవరును ఆ మహనీయుడు తమ కులమువాడని వాదించినట్లు మేము వినలేదు.

అమ్మాయికి ఉత్తరము వ్రాసితిమి. తెలుగు మాటలను కన్నడ లిపిలో వ్రాయుటకు మాకు రెండు దినములు పట్టినది. తప్పులు చాల దొరలియుండును. దసరా గోష్ఠిలో ఒక గంట ఆమెకొరకు ఉంచితిమనియు, ఆ గంటలో ఎవరును లేవరనియు వ్రాసితిమి. ఉపనిషత్తుల పెద్దమనిషి దానిపై సంతకము చేసిరి. ఆగమముల మిత్రులు ఇంకను చేయలేదు. ఒక్క సందేహము మాత్రము అడుగనిచ్చినచో చేయుదుమనుచున్నారు. ఈ సంచిక అచ్చునకు పోవు నాటికి అమ్మాయి యొద్దనుండి ప్రత్యుత్తరము రాలేదు. కార్యక్రమ పత్రములో పదునొకండు గంటల యెదుట పేరు వ్రాయక చోటు విడిచియున్నది.